ఇంటికి తాళమా, పెట్టెకు తాళమా?

తలుపు మూయడానికి తెలుగులో మాటలు తక్కువేమీ లేవు. తాళం అంటాం, తాళంకప్ప అంటాం. రాయలసీమవారు బీగం అంటారు. లోపలినుంచి వేసుకొనేది గడియ, బయట తగిలించేది గొళ్ళెం. తలుపుకు తాళం వేసి ఉంటే ఇంటివారు ఊరెళ్ళారని అర్థం. గొళ్ళెం మాత్రమే పెట్టి ఉంటే పక్కింటిదాకా వెళ్ళారని అర్థం. మూయడంలోని ఇన్ని ఛాయలకు వేరువేరు మాటలున్న భాష చెప్పుకొని బ్రతికినవాడిని కనుక, కంప్యూటరు శాస్త్రంలో 'లాక్' అనే ఒక్క మాట చుట్టూ యాభయ్యేళ్ళుగా ఎంతో చర్చ నడుస్తున్నదని తెలిసినప్పుడు నాకు కుతూహలం కలిగింది. దత్తాంశ పట్టికలకు తాళం వేయడమనే ఆలోచన ఎక్కడ పుట్టిందో, ఎలా పెరిగిందో ఈ టపాలో చెప్పదలచుకున్నాను. ఆ వృత్తిలో ఉన్న మిత్రులకు ఇందులోని సాంకేతికం కొత్త కాకపోవచ్చు. చరిత్ర కొంత కొత్తగా ఉండవచ్చు.

పాఠశాలలో పనిచేసే రోజుల్లో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. మార్కులన్నీ ఒక పెద్ద రిజిస్టరులో ఎక్కించేవాళ్ళం. ఒక పిల్లవాడికి తెలుగులో 31 మార్కులు వేశాను. గట్టెక్కాలంటే 35 కావాలి. మళ్ళీ చూస్తే ఒక జవాబు మార్కులు కలపడం మరచిపోయినట్టు తేలింది. రిజిస్టరు తెరిచి 31 కొట్టివేసి 36 వేశాను. అంతకు ముందురోజే నా సహోపాధ్యాయుడొకరు ఆ పుటను చూసి శుద్ధప్రతి రాసుకొన్నారు. ఆయన కాగితంలో 31 అనే ఉంది. మర్నాడు ఆ కాగితం తెచ్చి పాత పుట స్థానంలో అతికించారు. నా దిద్దుబాటు మాయమైంది. ఆయన చూసినదే రాశారు, నేను చూసినదే దిద్దాను. ఎవరి పని వారు సరిగానే చేశాం. అయినా ఆ పిల్లవాడి పేరు తప్పినవారి జాబితాలో గోడమీదికెక్కింది. వారం తరువాత వాళ్ళమ్మ జవాబుపత్రం పట్టుకొని వచ్చేదాకా సంగతి బయటపడలేదు. ఆ వారమంతా పిల్లవాడు బడికి రాలేదు.

ఇద్దరు సరిగా చేసిన రెండు పనులు కలిసి ఒక తప్పుగా మారడాన్ని దత్తాంశ శాస్త్రంలో 'లాస్ట్ అప్‌డేట్' అంటారని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. పోయిన దిద్దుబాటు అని మనం చెప్పుకోవచ్చు. ఆ సంఘటన తరువాత మా ప్రధానోపాధ్యాయులు ఒక నియమం పెట్టారు. రిజిస్టరు బీరువాలో ఉంటుంది. ఒకరు తీసుకొంటే వారు తిరిగి ఇచ్చేదాకా మరొకరు దానిని ముట్టరాదు. ఆపైన మార్కులు మాయం కాలేదు. కాని పరీక్షల కాలంలో పన్నెండుమంది ఉపాధ్యాయులం బీరువా ముందు వరుసకట్టి నిలబడవలసి వచ్చేది. ఒకరు ఎనిమిదో తరగతి మార్కులు వేస్తుంటే పదో తరగతి మార్కులు వేయవలసినవారు ఊరకే కూర్చొనేవారు. పట్టిక మొత్తానికి తాళం వేయడంలో ఉన్న గుణమూ, దోషమూ రెండూ ఇవే.

కంప్యూటరు రాకముందే ఈ చిక్కు పెద్దపెద్ద వ్యాపారాలను వేధించింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థలో విమానాల సీట్లను ఒకప్పుడు కార్డుల మీద రాసేవారు. ఒక్కో విమానానికి ఒక్కో కార్డు. ఆ కార్డులన్నీ గుండ్రంగా తిరిగే ఒక పెద్ద అరలో ఉండేవి. దాని చుట్టూ ఎనిమిదిమంది కూర్చొని పనిచేసేవారు. తొమ్మిదోవాడికి చోటు లేదు. ఒక టికెట్టు పని పూర్తిగా ముగియడానికి సగటున 90 నిమిషాలు పట్టేదట. 1953లో ఆ సంస్థ అధ్యక్షుడు సి. ఆర్. స్మిత్, ఐబీఎం ఉద్యోగి బ్లెయిర్ స్మిత్ ఒకే విమానంలో ప్రయాణిస్తూ పరిచయం కావడం, ఇంటిపేర్లు కలిసినందుకు మాటలు కలవడం, ఆ మాటల్లోంచి 'సేబర్' అనే రిజర్వేషను వ్యవస్థ పుట్టడం ప్రసిద్ధమైన కథ. 1964 నాటికి ఆ సంస్థ బుకింగులన్నీ సేబర్ చేతికి వచ్చాయి. ఎనిమిదిమంది కూర్చొన్న చోట ఇప్పుడు దేశం నలుమూలలనుంచి ఏజెంట్లు ఒకేసారి ఒకే లెక్కను తడుముతున్నారు. చోటు చాలని బాధ పోయింది, ఒకరి రాత మీద ఒకరు రాసే భయం వచ్చింది.

మన రైళ్ళ సంగతీ అంతే. నా వయసువారికి గుర్తుండే ఉంటుంది. ఫలానా రైలుకు రిజర్వేషను కావాలంటే ఫలానా కౌంటరు దగ్గరికే వెళ్ళాలి. ఆ రైలు పుస్తకం ఆ గుమాస్తా దగ్గరే ఉంటుంది. పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా మనకు ఉపయోగం లేదు. అది అచ్చంగా పట్టిక తాళమే. కాకపోతే తాళానికి బదులు ఒక మనిషిని కూర్చోబెట్టారు. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలైంది. 1994లో 'కాన్సర్ట్' అనే వ్యవస్థ తొలిసారి మన సికింద్రాబాదులో అమలులోకి వచ్చింది. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఒకదానితో ఒకటి కలిసాయి. ఏ కౌంటరులోనైనా ఏ రైలుకైనా టికెట్టు కొనవచ్చునన్న సుఖం వెనుక, చివరి బెర్తును ఇద్దరికి అమ్మకుండా కాపాడే యంత్రాంగమొకటి మౌనంగా పనిచేస్తూ ఉండాలి.

ఇక అసలు కథ. 1970 జూన్‌లో ఎడ్గార్ కాడ్ అనే ఐబీఎం శాస్త్రవేత్త ఒక వ్యాసం ప్రచురించాడు. దత్తాంశాన్నంతా అడ్డువరుసలూ నిలువువరుసలూ గల పట్టికలుగా ఊహించవచ్చునని, ఆ పట్టికల మధ్య సంబంధాలను గణితపు సూత్రాలతో చెప్పవచ్చునని ఆ వ్యాసం సారాంశం. నేటి రిలేషనల్ డేటాబేసులన్నిటికీ అదే మూలగ్రంథం. దాని శీర్షికలో 'పెద్ద ఉమ్మడి దత్తాంశ నిధులు' అనే అర్థం వచ్చే మాటలున్నాయి. కాడ్ ప్రధానంగా చర్చించినది అమరిక. ఉమ్మడిగా వాడేటప్పుడు వచ్చే తగవులను తీర్చే పని తరువాతివారికి మిగిలింది. ఉమ్మడి కుటుంబాల్లో పుట్టిపెరిగిన మనకు ఆ మాటలోని బరువు వేరే చెప్పనక్కరలేదు.

ఆ తగవులు తీర్చే భారం మీద వేసుకొన్నవారు కాలిఫోర్నియాలో శాన్ హోసే పట్టణంలోని ఐబీఎం ప్రయోగశాలవారు. 1974 ప్రాంతంలో 'సిస్టమ్ ఆర్' అనే పేరుతో కాడ్ ఊహను నిజమైన వ్యవస్థగా నిర్మించడం మొదలుపెట్టారు. ఈనాటి ఎస్‌క్యూఎల్ భాష అక్కడే పుట్టింది. ఆ బృందంలో జిమ్ గ్రే అనే యువకుడున్నాడు. 1944లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టి, బర్కిలీ విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రంలో తొలి డాక్టరేటు పొందినవాడు. ఆయన, ఈశ్వరన్, లోరీ, ట్రైగర్ కలిసి 1976 నవంబరులో వెలువరించిన వ్యాసం తాళాల శాస్త్రానికి పునాది వేసింది.

వారు ముందుగా 'లావాదేవీ' అంటే ఏమిటో నిర్వచించారు. ఒకరి ఖాతాలోంచి 500 రూపాయలు తీసి మరొకరి ఖాతాలో వేయడం చూడడానికి రెండు పనులు, నిజానికి ఒక్కటే పని. మొదటిది అయి రెండవది కాకముందు ఎవరైనా మొత్తం లెక్కచూస్తే 500 తక్కువ కనిపిస్తుంది. అలా కనిపించరాదంటే ఆ లావాదేవీ ముట్టుకొన్న ప్రతిదానికీ తాళం వేయాలి. చదవడానికి మాత్రమే అయితే ఉమ్మడి తాళం: పదిమంది ఒకేసారి చదువుకోవచ్చు, ఎవరూ రాయరాదు. రాయడానికైతే ఏకాంత తాళం: రాసేవాడు తప్ప మరెవరూ లోపలికి రారాదు.

అయితే తాళం వేస్తే సరిపోదు. ఎప్పుడు తీయాలన్నదే కీలకమని వారు కనిపెట్టారు. ఒక లావాదేవీ తాళాలు కూడబెట్టుకొనేంతసేపూ కూడబెట్టుకోవచ్చు. ఒక్క తాళం విడిచిందంటే ఆ తరువాత కొత్త తాళం వేయరాదు. దీనికి రెండు దశల తాళమని పేరు. శుక్లపక్షంలో చంద్రుడు పెరుగుతాడు, పున్నమి దాటి ఒక్క కళ తరిగిందంటే అమావాస్య దాకా తరగడమే. మధ్యలో మళ్ళీ పెరగడమన్నది లేదు. ఈ ఒక్క నియమాన్ని అందరూ పాటిస్తే, ఎందరు ఎన్ని పనులు కలగాపులగంగా చేసినా, ఫలితం మాత్రం ఒకరి తరువాత ఒకరు వరుసగా చేసినట్టే ఉంటుందని వారు నిరూపించారు. మా రిజిస్టరు కథలో నా సహోపాధ్యాయుడు పుట చూసినప్పటినుంచి శుద్ధప్రతి అతికించేదాకా తాళం పట్టుకొని ఉంటే, నా 36 నిలిచి ఉండేది. ఆయన ముగించాకే నాకు రిజిస్టరు దొరికేది, శుద్ధప్రతి మీదనే దిద్దేవాడిని.

ఆ వ్యాసంలోనే మరొక సూక్ష్మం ఉంది. ఉన్న వరుసలకు తాళం వేయవచ్చు, లేని వరుసకు ఎలా వేస్తాం? తప్పిన పిల్లలెందరని లెక్కపెట్టి ఏడుగురని రాశాను. లెక్కించిన ఆ ఏడు వరుసలకూ తాళం వేశాను. ఇంతలో మరొకరు ఎనిమిదోవాడి పేరు చేర్చారు. నేను తాళం వేసినవేవీ కదలలేదు, అయినా నా లెక్క తప్పింది. ఇలా ఉన్నట్టుండి ప్రత్యక్షమయ్యే వరుసలను వారు 'ఫాంటమ్' అన్నారు, అంటే దయ్యాలన్నమాట. దీనికి విరుగుడుగా వరుసలకు కాక ఒక షరతుకే తాళం వేయాలని ప్రతిపాదించారు. 'తెలుగులో 35 కంటె తక్కువ వచ్చినవారందరూ' అనే వర్ణనకే తాళం. శాస్త్రంగా ఇది సొగసైనదే కాని, రెండు వర్ణనలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయో లేదో తేల్చడం యంత్రానికి కష్టమైన పని. సిస్టమ్ ఆర్ నిర్మాతలు ఆ దారి వదిలి వేరే దారి పట్టామని 1981లో తమ అనుభవాలు రాస్తూ చెప్పుకొన్నారు.

ఆ వేరే దారే నన్ను ఈ టపా రాయించింది. ప్రశ్న ఇది: తాళం ఎంత పెద్దదై ఉండాలి? ఇంటికి వేయాలా, గదికి వేయాలా, గదిలోని పెట్టెకు వేయాలా? ఇంటికి వేస్తే ఒక్క తాళంతో పని తీరుతుంది, కాని మిగిలినవారందరూ వీధిలో నిలబడాలి. పెట్టెకు వేస్తే ఎవరి పెట్టె వారు తెరుచుకోవచ్చు, కాని లక్ష పెట్టెలకు లక్ష తాళాలు, వాటి లెక్క రాసుకోవడానికి వేరే పుస్తకం. కొందరికి ఇల్లంతా కావాలి, కొందరికి ఒక పెట్టె చాలు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఎలా ఇమడగలరు? ఇల్లంతటికీ తాళం వేయదలచినవాడు ముందుగా లోపల ఏ పెట్టె దగ్గరైనా ఎవరైనా ఉన్నారేమోనని లక్ష పెట్టెలూ వెదకవలసిందేనా?

1975లో గ్రే, లోరీ, పుట్‌జోలు దీనికి జవాబు చెప్పారు. పెట్టెకు తాళం వేయదలచినవాడు వీధి గుమ్మం దగ్గర ఒక చీటీ తగిలించాలి: 'లోపల ఒక పెట్టెతో పని ఉంది.' గది గుమ్మం దగ్గరా అలాగే తగిలించాలి. ఆ తరువాతే పెట్టెకు తాళం. ఇల్లంతా కావలసినవాడు లోపలికి పోయి వెదకనక్కరలేదు. గుమ్మం దగ్గరి చీటీలు చూస్తే చాలు. చదివే ఉద్దేశంతో వచ్చేవారి చీటీ వేరు, రాసే ఉద్దేశంతో వచ్చేవారి చీటీ వేరు. ఎన్ని చీటీలైనా పక్కపక్కనే వేలాడవచ్చు, ఎందుకంటే అసలు తగవేదైనా ఉంటే అది పెట్టె దగ్గరే తేలుతుంది. రాసే చీటీ వేలాడుతుండగా మాత్రం ఇల్లంతా చదువుతానని ఎవరైనా వస్తే ఆగవలసిందే. ఇల్లంతా నాకే కావాలనేవాడు ఏ చీటీ ఉన్నా ఆగవలసిందే. ఇల్లంతా చదువుతూ అక్కడక్కడా ఒకటి రెండు పెట్టెలు సర్దేవాడికోసం రెండూ కలిపిన ఐదో రకం తాళాన్ని కూడా వారు ఊహించారు. జాబితా అంతా చదువుతూ ఇద్దరు ముగ్గురి మార్కులు దిద్దే ఉపాధ్యాయుడు అలాంటివాడే.

ఈ చీటీకి వారు పెట్టిన పేరు 'ఇంటెన్షన్ లాక్'. దీన్ని తెలుగు చేయమని నన్నడిగితే 'సంకల్ప తాళం' అంటాను. మన ఇళ్ళలో ఏ వ్రతానికైనా ముందు సంకల్పం చెప్పుకొంటాం కదా. అందులో చెప్పేదేమిటి? ఏ ద్వీపం, ఏ వర్షం, ఏ ఖండం, ఏ నదుల నడుమ, చివరకు ఏ ఇల్లు. ఆపైన ఎవరు, ఎందుకోసం చేస్తున్నారన్నది. పెద్దదానినుంచి చిన్నదానికి దిగుతూ వచ్చి, చేయబోయే పనిని చేయకముందే ప్రకటించడం. గ్రే బృందం పెట్టిన నియమమూ అదే: తాళాలు పైనుంచి కిందికి వేసుకుంటూ రావాలి, తీసేటప్పుడు కిందినుంచి పైకి తీసుకుంటూ పోవాలి. మన పూర్వులకు ఇదంతా ముందే తెలుసునని చెప్పడం నా ఉద్దేశం కానే కాదు. కాలిఫోర్నియాలో కూర్చొన్నవారు మన వ్రతాలు చూసి రాయలేదు. చేయబోయే పనిని ముందుగా చెప్పి, ఎదుటివారికి దారి తెలియజేయడమన్న మర్యాద మనకు పరాయిది కాదు కనుక, ఈ ఉపాయం మనసుకు తొందరగా పడుతుందని మాత్రమే నా భావం.

చిన్న తాళాలు వచ్చాక వాటి వెంట పెద్ద చిక్కొకటి వచ్చింది. నా చేతిలోని పెట్టె నీకు కావాలి, నీ చేతిలోని పెట్టె నాకు కావాలి. రెండు దశల నియమం ప్రకారం కావలసిన తాళాలన్నీ దొరికేదాకా ఎవరూ విడవరాదు. ఇక ఇద్దరమూ యుగాంతం దాకా చూస్తూ కూర్చోవడమే. డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1965లోనే దీన్ని గుర్తించి ప్రాణాంతకమైన కౌగిలి అన్నాడు. మాటకు మాట చూస్తే మన ధృతరాష్ట్ర కౌగిలి సరిపోతుంది కాని, భావానికి చాలదు. ఆ కౌగిలిలో నలిగేది ఒక్కడే. దీనికి తగిన మాట మన సామెతలో ఉంది: పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు. డేటాబేసులు ఈ పీటముడిని విప్పే పద్ధతి కఠినమైనది. ఎవరు ఎవరికోసం ఎదురుచూస్తున్నారో గీతలు గీసి చూస్తాయి. గీతలు చుట్టు తిరిగి మొదటికే వస్తే ఒకరిని బలి ఇస్తాయి. ఆ ఒకరు చేసిన పనంతా చెరిపివేసి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టమంటాయి. ఆ బలికి ఎంపికైనవాడిని ఆంగ్లంలో కూడా 'విక్టిమ్' అనే అంటారు.

ఇక్కడే పట్టిక తాళానికి ఒక గౌరవం దక్కుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో చాలాకాలం వాడుకలో ఉన్న 'మైఐసామ్' పద్ధతి ప్రతిసారీ పట్టిక మొత్తానికే తాళం వేసేది. కావలసిన పట్టికలన్నిటికీ ఒకేసారి, ఎప్పుడూ ఒకే క్రమంలో తాళాలు అడిగేది కనుక అందులో పీటముడి పడే అవకాశమే లేదు. మోటుపద్ధతికీ దాని సుఖం దానికుంది. బర్కిలీలో రీస్, స్టోన్‌బ్రేకర్ అనే ఇద్దరు 1977లో లెక్కలు కట్టి, లావాదేవీలు పెద్దవైనప్పుడు చిన్న తాళాల నిర్వహణ ఖర్చు వాటి లాభాన్ని మించిపోతుందనీ, కొద్దిపాటి పెద్ద తాళాలతోనే పని బాగా నడుస్తుందనీ చూపారు. 1979లో మళ్ళీ పరిశీలించి, చిన్నచిన్న లావాదేవీలు గుంపులుగా వచ్చేచోట సూక్ష్మమైన తాళాలే మేలని చేర్చారు. అంటే జవాబు తాళంలో లేదు, వచ్చేవారి పనిలో ఉంది. సిస్టమ్ ఆర్ ఈ ఇంగితాన్ని తనలోనే ఇముడ్చుకొంది. ఒకరు మరీ ఎక్కువ పెట్టెలకు తాళాలు వేస్తుంటే, అవన్నీ తీసుకొని బదులుగా ఇంటి తాళమే ఇచ్చేది. ఈనాటి ఎస్‌క్యూఎల్ సర్వరు కూడా ఒక పట్టికమీద ఒక ఆజ్ఞ సుమారు 5,000 తాళాలు పట్టుకొంటే వాటిని పట్టిక తాళంగా మార్చడానికి ప్రయత్నిస్తుంది.

అంగట్లోకి వచ్చాక వ్యాపార సంస్థలు ఒక్కొక్కటిగా చిన్న తాళాలవైపు నడిచాయి. ఒరాకిల్ ఆరవ సంచిక 1988లో వరుస తాళాన్ని తెచ్చింది. మైక్రోసాఫ్టు ఎస్‌క్యూఎల్ సర్వరు 1998లో వచ్చిన ఏడవ సంచికతో పూర్తిస్థాయి వరుస తాళానికి మారింది. అంతకుముందు దానిది పుట తాళం. పక్కపక్క వరుసలు ఒకే పుటలో పడితే, సంబంధం లేనివారు కూడా ఒకరికొకరు అడ్డం. మైఎస్‌క్యూఎల్‌కు వరుస తాళం ఇచ్చినవాడు ఫిన్లండు దేశస్థుడు హైక్కీ టూరి. ఆయన 'ఇన్నోడీబీ' 2001లో మైఎస్‌క్యూఎల్‌తో కలిసి వచ్చినా, చెప్పకుండానే వచ్చే సహజ పద్ధతిగా మారింది 2010లో, 5.5 సంచికతో. మన తెలుగు బ్లాగులు మొగ్గతొడిగిన రోజుల్లో, ఎందరో సొంతంగా నెలకొల్పుకొన్న వర్డ్‌ప్రెస్సు గూళ్ళు ఆ పాత పట్టిక తాళం కిందే కాలక్షేపం చేశాయి. ఒకరు వ్యాఖ్య దిద్దుతుంటే వ్యాఖ్యల పట్టిక మొత్తం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేది. చదివేవాళ్ళం కొద్దిమందిమే కనుక మనకెవరికీ తెలియలేదు.

ఐబీఎంలోనే పనిచేసిన సి. మోహన్ పేరు ఇక్కడ తలచుకోవాలి. మద్రాసు ఐఐటీలో చదివి వెళ్ళినవాడు. ఆయన బృందం 1992లో ప్రకటించిన 'ఏరీస్' పద్ధతి, వరుస తాళాలు వాడుతున్నప్పుడు మధ్యలో యంత్రం ఆగిపోతే దత్తాంశాన్ని ఎలా కోలుకొనేట్టు చేయాలో చెప్పింది. ఆ వ్యాసంలో లాక్, ల్యాచ్ అనే రెండిటినీ స్పష్టంగా వేరుచేశారు. లాక్ లావాదేవీ ముగిసేదాకా ఉండేది. ల్యాచ్ ఒక పుటను తిప్పేంతసేపు, క్షణకాలం పట్టుకొని విడిచేది. నేను మొదట చెప్పిన తాళం, గొళ్ళెం భేదమిదే. ఊరెళ్ళేవాడు తాళం వేస్తాడు, పక్కింటికి వెళ్ళేవాడు గొళ్ళెం పెడతాడు.

అసలు తాళమే లేకుండా చదవనిస్తే ఏమి? 1978లో ఎం.ఐ.టి.లో డేవిడ్ రీడ్ తన సిద్ధాంతవ్యాసంలో ఈ దారి చూపాడు. మార్చినప్పుడు పాతదాన్ని చెరపకుండా కొత్త ప్రతి రాయాలి. చదువుతున్నవాడు తాను మొదలుపెట్టిననాటి ప్రతినే చదువుకుంటూ పోతాడు. రాసేవాడికోసం అతను ఆగడు, అతనికోసం రాసేవాడు ఆగడు. 1984 నాటి ఒరాకిల్ నాలుగవ సంచికలోనే చదివేవారికి ఇలాంటి సౌకర్యం కనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ 1999లో 6.5 సంచికతో ఈ దారి పట్టింది. లేఖకుడు కొత్త తాటాకుల మీద రాస్తుంటే, పాత ప్రతి పట్టుకొని మరొకరు పారాయణ చేసుకొన్నట్టు. తాళం తగ్గించి తాళపత్రాలు పెంచారన్నమాట! పండితుడి చపలత్వాన్ని మన్నించండి. కాకపోతే ఆ పాత ఆకులన్నీ పేరుకుపోతాయి, ఎప్పటికప్పుడు ఏరి పారవేయాలి. ఇద్దరు ఒకే వరుసను దిద్దబోతే అప్పుడు మళ్ళీ తాళమే గతి.

ఇంత జరిగినా పట్టిక తాళం పోలేదు. పట్టికలో గడులే మార్చాలంటే, అంటే ఇంట్లో సామాను కాక గోడలే జరపాలంటే, పోస్ట్‌గ్రెస్ నేటికీ చాలా సందర్భాల్లో అన్నిటికన్న కఠినమైన పట్టిక తాళాన్నే అడుగుతుంది. దాని ఎనిమిది రకాల పట్టిక తాళాల్లో అది చివరిది; చదివేవారిని కూడా ఆపేది అదొక్కటే. ఇందులో ఒక ఉచ్చు ఉంది. లోపల ఎవరో ఒకాయన తీరిగ్గా పెద్ద లెక్క చదువుకుంటూ ఉంటాడు. గోడ జరపడానికి వచ్చినవాడు ఆయన ముగించేదాకా గుమ్మంలో నిలబడతాడు. ఇతని వెనుక వచ్చిన ప్రతి ఒక్కరూ, కేవలం ఒక్క వరుస చదివిపోదామని వచ్చినవారు కూడా, ఇతని వెనుక వరుసలో ఆగిపోతారు. గోడ ఇంకా కదలనేలేదు, వీధి మాత్రం నిండిపోయింది. కనుకనే అనుభవజ్ఞులు గోడ జరిపేవాడికి గడువు పెడతారు: ఇన్ని క్షణాల్లో తాళం దొరక్కపోతే తిరిగిపోయి మళ్ళీ రావాలని. బీరువా ముందు నిలబడిన మా పన్నెండుమందికీ ఈ సంగతి చెబితే వెంటనే అర్థమయ్యేది.

ఈ కథకు మూలపురుషుడైన జిమ్ గ్రేకు 1998లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. 2007 జనవరి 28న ఆయన తన తల్లి అస్థికలను సముద్రంలో కలపడానికి శాన్ ఫ్రాన్సిస్కో తీరంనుంచి ఫారలాన్ దీవులవైపు ఒంటరిగా పడవలో బయలుదేరాడు. తిరిగి రాలేదు. తీరరక్షక దళం రోజులతరబడి వెదికింది. మిత్రులు ఉపగ్రహ చిత్రాలు తెప్పించి ముక్కలుముక్కలుగా చేసి జాలంలో పెడితే, ఆయన ముఖం ఎన్నడూ చూడని వేలమంది కూర్చొని, ఎవరికి వచ్చిన ముక్కను వారు వెదికారు. పడవ జాడ తెలియలేదు. 2012లో న్యాయస్థానం ఆయన మరణించినట్టు ప్రకటించింది. పని అయితే పూర్తిగా కావాలి, లేదా మొదలే కానట్టుండాలి, నడుమ స్థితి ఉండరాదని జీవితమంతా చెప్పినవాడి విషయంలో ఆయన కుటుంబం అయిదేళ్ళు ఆ నడుమ స్థితిలోనే గడపవలసి వచ్చింది. తల్లి అస్థికలు కలపడానికి నీటిదాకా వెళ్ళడమన్నది మనకు బాగా తెలిసిన పని కనుక, ఈ వార్త చదివినప్పుడు నాకు చాలాసేపు మరేదీ తోచలేదు.

ఆయన, ఆయన మిత్రులు 1975లో గీసిన సంకల్ప తాళాల పట్టిక, ఏది దేనితో ఇముడుతుందో చెప్పే లెక్క, ఇప్పటికీ మైఎస్‌క్యూఎల్ కరదీపికలో దాదాపు అలాగే కనిపిస్తుంది. మనం బ్యాంకులో సొమ్ము తీసినా, రైలు బెర్తు కొన్నా, పరీక్షా ఫలితం చూసుకొన్నా, ఎక్కడో ఒక గుమ్మం దగ్గర ఒక చీటీ తగిలించి, పని కాగానే తీసివేస్తున్నారు. మా బడిలో ఆనాడు అలాంటి చీటీ ఒకటి రిజిస్టరు మీద ఉండి ఉంటే, ఆ పిల్లవాడు వారంరోజులు ఇంట్లో కూర్చొని ఉండేవాడు కాదు.

ఈ విద్యలో నేను ఆలస్యంగా చేరిన విద్యార్థిని. వృత్తిలో ఉన్న మిత్రులు నా వివరణలో దోషాలు కనిపిస్తే మొహమాటపడకుండా దిద్దగలరు. మీరు దిద్దేంతసేపూ ఈ టపాకు నేను తాళం వేయను. అలాగే ఉమ్మడి తాళం, ఏకాంత తాళం, సంకల్ప తాళం అనే మాటలకంటె మంచివి మీకు తోస్తే తెలియజేయగలరు.